బోర్లించందే నమ్మని క్రాట్జర్

ఎల్డన్ క్రాట్జర్‌కి సైకిలు కనబడితే బోర్లించాలి. అంతే, మనిషికి ఇంకో జబ్బు లేదు. తాగడు, పేకాడడు, ఎవరి మీదా చాడీలు చెప్పడు. ఆదివారం చర్చిలో మూడో బెంచీ మీద కూర్చుని అందరికన్నా ముందు నిద్రపోతాడు. కానీ చర్చి గోడకి ఎవరైనా సైకిలు ఆనించి లోపలికి వెళ్ళారా, ప్రార్థన ముగిసి బయటికి వచ్చేసరికి దాని చక్రాలు ఆకాశం వైపు తిరుగుతూ ఉంటాయి. క్రాట్జర్ దాని ముందు మోకాళ్ళ మీద ఉంటాడు. లోపల దేవుడి ముందు కూడా అంత భక్తిగా ఎప్పుడూ మోకరించి ఉండడు.

మా హాల్స్‌బర్గ్‌లో ఈ జబ్బు పెరగడానికి కావలసినంత మేత ఉంది. ఒహాయోలో సైకిళ్ళు చేసిన ఊళ్ళలో మాదీ ఒకటి. బక్‌లాండ్ కంపెనీ మూతపడి నలభై ఏళ్ళయినా, ఆ లావు టైర్ల సైకిలు ఒకటైనా లేని షెడ్డు ఊళ్ళో ఉండదు. మధ్యలో మోటారు సైకిలుకి ఉన్నట్టు ఒక టాంకు ఉంటుంది, అందులో పెట్రోలు పోయరు, నొక్కితే మోగే హారన్ మాత్రం ఉంటుంది. వెడల్పాటి మడ్‌గార్డులు, ఎద్దు కొమ్ముల్లాంటి హాండిల్. ప్రతి సైకిలుకీ ఒక కథ ఉంటుంది. "మా నాన్న యుద్ధానికి వెళ్ళే ముందు కొన్నది", "మా తాత మొదటి జీతంతో కొన్నది". క్రాట్జర్ లెక్కలో ఆ కథలన్నీ అబద్ధాలే.

నిజం పెడల్ ఇరుసు గూడు అడుగున ఉంటుందంటాడు ఆయన. అక్కడ కంపెనీవాళ్ళు ఒక అక్షరం, కొన్ని అంకెలు కొట్టి ఉంచారు. అక్షరాన్ని బట్టి సంవత్సరం, అంకెల్ని బట్టి నెల. అది సరిపోదంటే వెనక చక్రం ఇరుసు మీద ముద్ర, మడ్‌గార్డు రివెట్లు, చైను మూత ఆకారం, ఇలా సాక్ష్యం మీద సాక్ష్యం తెస్తాడు. దానికోసం ఎప్పుడూ జేబులో ఒక ఇనుప తీగల బ్రష్షు, కిరసనాయిల్లో తడిపిన గుడ్డ, పళ్ళ డాక్టర్లు నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం ఉంటాయి. అద్దం డాక్టరు ఇచ్చాడని క్రాట్జర్ అంటాడు. పోయిందని డాక్టరు అంటాడు.

నేను హాలిస్ పెక్‌ని. 1979లో ఇండియానా నుంచి ఈ ఊరొచ్చి అచ్చు దుకాణం పెట్టాను. వచ్చిన మూడో రోజునే నా ఎర్ర సైకిలు మీద పెద్ద రోడ్డు దాటుతుంటే ఒక పొడుగాటి మనిషి అడ్డంగా చెయ్యెత్తాడు. ఒంటి మీద అగ్నిమాపక దళం చొక్కా. ఎక్కడో ఇల్లు అంటుకుందనుకుని గబుక్కున దిగాను.

"ఏ సంవత్సరం?" అన్నాడు.

"ఏది?"

"ఇంకేది, సైకిలు."

"నలభై ఎనిమిది. అమ్మినాయన చెప్పాడు."

"ఎవరు చెప్పినా సరే," అంటూ అలాగే ఎత్తి రోడ్డు నడిమధ్యన బోర్లించేశాడు. ముందు బుట్టలో డజను గుడ్లున్నాయి. నేను నోరు తెరిచేలోగా అవి తారు మీద ఆమ్లెట్టు కావడానికి సిద్ధమయ్యాయి. వెనక ఆరు కార్లు హారన్లు కొడుతున్నాయి. ఆయన మాత్రం తీరిగ్గా బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచి, అద్దం పెట్టి చూశాడు.

"యాభై మూడు, ఏప్రిల్," అన్నాడు లేస్తూ. "నిన్ను మోసం చేశారు." కింద చూసి, "గుడ్లు మాత్రం తాజావే," అన్నాడు.

తర్వాత తెలిసింది, ఆయన మా ఊరి అగ్నిమాపక దళం క్యాప్టెన్ అని. నిప్పంటుకున్న ఇంటికి కూడా వెళ్తాడు గానీ, దారిలో సైకిళ్ళు లేకుండా చూసుకోవాలని దళంలో కుర్రాళ్ళు చెప్పుకునేవాళ్ళు. అది ఎంతవరకు నిజమో నాకు తెలియదు. నమ్మని వాణ్ణి మాత్రం ఒక్కణ్ణీ చూడలేదు.

ఆయన మాటకి ఎదురుచెప్పేవాళ్ళకి ఒకటే సమాధానం. "మనుషులకి అబద్ధాలు వచ్చు. ఇనుముకి రావు." ఇది ఆయన రోజుకి పదిసార్లు అంటాడు. మా ఆవిడ డోరీన్ ఒకసారి విందులో నలుగురి ముందు తన వయసు చెప్పింది. మర్యాద తెలిసిన మగవాళ్ళందరూ ఆశ్చర్యపోయినట్టు నటించారు. క్రాట్జర్ ఆమెని కిందనుంచి పైకి ఒకసారి చూసి, "ఆధారం?" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆయనకి కాఫీ ఇస్తారు గానీ కేకు ఇవ్వరు.

ఆయన చెల్లెలి మనవరాలి పెళ్ళి సంగతి ఊరంతా ఎరుగుదురు. పెళ్ళికొడుకు వాళ్ళది కొంచెం గొప్ప కుటుంబం. వాళ్ళింట్లో ఒక పాత బక్‌లాండ్ సైకిలుంది. పెళ్ళికొడుకు తాత 1939లో దాని మీదే తన పెళ్ళాన్ని ఎక్కించుకుని చర్చి నుంచి ఇంటికి తీసుకెళ్ళాడట. అందుకని దాన్ని తళతళా తోమి, హాండిల్ నిండా తెల్ల పూలు కట్టి, కొత్త దంపతులు కూడా దాని మీదే వెళ్ళాలని ముస్తాబు చేశారు. ఫోటో తీసేవాడు ఒక్క నిమిషం అటు తిరిగాడు. అంతే, పూలన్నీ గడ్డిలో ఉన్నాయి, సైకిలు తలకిందులుగా ఉంది.

"యాభై నాలుగు," అన్నాడు క్రాట్జర్.

"పెద్దాయనా, పొరపడ్డారేమో, అది మా తాతగారి సైకిలు," అన్నాడు పెళ్ళికొడుకు.

"మీ తాత ఎప్పుడు పోయాడు?"

"యాభైలో."

"అయితే యాభై నాలుగులో మీ నాయనమ్మకి ఇది ఎవరు తెచ్చిచ్చారు?"

ఎనభై ఏళ్ళ నాయనమ్మ మొహం ఎర్రగా చేసుకుని నిమ్మరసం ఎక్కడుందో వెతకడానికి వెళ్ళింది. ఆ తర్వాత పెళ్ళివాళ్ళు పిలిచిన విందులన్నిటికీ క్రాట్జర్ పిలుపు పోస్టులో తప్పిపోతూ వచ్చింది.

ఏటా మే నెల మొదటి ఆదివారం మా ఊరి సంత మైదానంలో పాత సైకిళ్ళ బజారు జరుగుతుంది. నాలుగైదు జిల్లాల నుంచి వ్యాన్లలో తెచ్చి గడ్డి మీద పరుస్తారు. క్రాట్జర్ గేటు దాటగానే ఒక ఈల వినబడుతుంది. వెంటనే సైకిళ్ళ కింద తువ్వాళ్ళు, గోనెసంచులు, ఒకాయన అయితే పెళ్ళాం కోటు, ఏది దొరికితే అది కప్పేస్తారు. ఒకసారి ఫోర్ట్ వేన్ నుంచి వచ్చిన వర్తకుడు ఇంకా తెలివిగా, సైకిల్ని తీసుకెళ్ళి వ్యానుకి గొలుసుతో కట్టేశాడు, ఎలా బోర్లిస్తాడో చూద్దామని. క్రాట్జర్ బోర్లించలేదు. తానే వెల్లకిలా పడుకుని వ్యాను కిందికి జరిగాడు. రెండు నిమిషాల తర్వాత లోపల్నుంచి గొంతు వినబడింది.

"సైకిలు నలభై ఆరు కాదు, నలభై తొమ్మిది. వ్యాను కూడా నువ్వనుకున్నంత కొత్తది కాదురా నాయనా."

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఆయన నోట్లో కత్తి ఉందని ఒప్పుకోవాలి. ఒక సంవత్సరం ఒక లావుపాటి మనిషి, ఏభై ఏళ్ళవాడు, కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పాడు. "ఇది మా నాన్న నలభై రెండులో నాకు కొన్నది. అప్పుడు క్రోమ్ అంతా యుద్ధానికి పోయింది కదా, అందుకే చక్రాలకి నల్లరంగు వేశారు, చూడండి." క్రాట్జర్ గోటితో గీకాడు. నల్లరంగు కింద క్రోమ్ మెరిసింది.

"మీ నాన్న మంచివాడే అయ్యుంటాడు," అన్నాడు. "సైకిలు మాత్రం యాభై ఒకటి. రంగు ఎవరో ఈ మధ్యనే పూశారు, ఇంకా అంటుకుంటోంది."

నిజమే, ఆ రంగు పూసింది ఆ లావుపాటాయన బావమరిది అని తర్వాత తేలింది. అయినా అంత మొహం మీద కొట్టినట్టు చెప్పాలా? నేను అదే అడిగాను. "చెప్పకపోతే ఆయన ఎల్లకాలం తప్పు సంవత్సరంతో బతుకుతాడు," అన్నాడు క్రాట్జర్, అదేదో క్షయరోగమైనట్టు.

అలాంటి మనిషి ఒక్క విషయంలో మాత్రం నోరు మెదిపేవాడు కాదు. నా విషయంలో. ఇప్పుడు అసలు కథ అదే.

1987లో ఒక పాడుబడ్డ పశువుల కొట్టంలో నాకొక సైకిలు దొరికింది. చూడగానే మనసు పోయింది. నిప్పులాంటి ఎరుపు. ఎత్తబోతే నడుం పట్టేసింది, మామూలు సైకిలుకి ఒకటిన్నర రెట్లు బరువు. అడుగున నంబరు చూస్తే డబ్ల్యు 118. బక్‌లాండ్ కంపెనీ ఏ సంవత్సరమూ డబ్ల్యు అక్షరం వాడలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ తర్వాత ఏడేళ్ళలో అలాంటివే ఇంకో మూడు పట్టుకున్నాను, అన్నీ ఎర్రవే, అన్నీ బరువే, అన్నిటికీ డబ్ల్యునే. దాంతో నాకు జ్ఞానోదయమైంది. డబ్ల్యు అంటే వార్. 1941లో, యుద్ధానికి సరిగ్గా ముందు, సైన్యం కోసం కంపెనీ రహస్యంగా చేసిన సైకిళ్ళు ఇవి!

సొంత అచ్చు దుకాణం ఉన్నవాడికి పుస్తకం వేయడానికి ప్రతిభ అక్కర్లేదు. ఇరవై నాలుగు పేజీల పుస్తకం వేశాను. అందులో లావుపాటి గొట్టాల గురించి ఒక అధ్యాయం, "బాంబులకి తట్టుకునేందుకు" అని. ఎడమ పెడల్‌కీ కుడి పెడల్‌కీ పోలిక లేకపోవడం గురించి ఒక అధ్యాయం, "ప్రయోగాత్మక నిర్మాణం" అని. సీటు కింద గొట్టం చివర మరలు తిప్పి ఉన్నాయి, ఏ సైకిలుకీ ఉండవు. వాటి గురించి ఐదు పేజీలు రాశాను, తుపాకీ బిగించడానికని. బొమ్మ కూడా వేశాను. తుపాకీతో సహా.

మొదటి ప్రతి క్రాట్జర్‌కే ఇచ్చాను. ఎదురుగా నిలబడ్డాను. ఆయన చదివాడు. తుపాకీ బొమ్మ దగ్గర చాలాసేపు ఆగాడు. "అచ్చు బాగుంది," అని వెళ్ళిపోయాడు. ఆ సంవత్సరం బజారులో నా సైకిలు బోర్లించాడు, నంబరు చూశాడు, మెల్లిగా మళ్ళీ నిలబెట్టి, ఏదో తినాలని ఉందంటూ తిండి బళ్ళవైపు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ప్రతి సంవత్సరమూ అంతే. ఊరందరి కథలూ చీల్చిన మనిషి నా కథ ముందు నోరు కట్టుకున్నాడంటే ఏమిటర్థం? నేను గెలిచాననే కదా! ఆ మాటే ఊరంతా చెప్పుకు తిరిగాను. "క్రాట్జర్‌కే దొరకలేదు తప్పు" అని.

1998లో చికాగో నుంచి లిండ్‌క్విస్ట్ అనే ఆయన ఉత్తరం రాశాడు. పాత సైకిళ్ళ నంబర్ల మీద దేశమంతా ప్రమాణంగా తీసుకునే పుస్తకం ఆయనది. కొత్త కూర్పు వేస్తున్నాడు. నా డబ్ల్యు సైకిళ్ళు చూసి, నిజమని తేలితే, పుస్తకంలో చేరుస్తాడట. కనుక్కున్నవాడిగా నా పేరుతో సహా. నేను ఆ ఉత్తరాన్ని డోరీన్‌కి మూడుసార్లు చదివి వినిపించాను. ఒక్కసారి పేరు పుస్తకంలోకి ఎక్కితే మనిషి చచ్చినా పోడు. అచ్చువాణ్ణి, నాకు తెలియదా? పదకొండేళ్ళుగా మోసిన బరువు ఊరికే పోలేదనిపించింది.

"ఆ క్రాట్జర్‌ని ఆ రోజు ఇంట్లో పెట్టి తాళం వేయించు," అంది డోరీన్.

"ఎందుకు? ఆయన మౌనమే నాకు సర్టిఫికెట్టు," అన్నాను.

బజారు రోజు పొద్దున్నే నాలుగు ఎర్ర సైకిళ్ళూ వరసగా నిలబెట్టి, పక్కన నా పుస్తకాల దొంతర పెట్టాను. లిండ్‌క్విస్ట్ వచ్చాడు. పొట్టిగా, నున్నటి గుండుతో, నవ్వు ఖర్చుపెట్టని రకం మనిషి. ఒక్కో సైకిలూ చూశాడు. మరలు చూసి కనుబొమలు ఎత్తాడు. మరీ మంచి సూచన కాదు గానీ నేను మంచిదనుకున్నాను.

"ఇక్కడ క్రాట్జర్ గారని ఒకరున్నారట," అన్నాడు. "బక్‌లాండ్ నంబర్లు ఆయనకి తెలిసినట్టు ఎవరికీ తెలియవని విన్నాను. ఆయన ఏమంటారు?"

"ఆయనకి అభ్యంతరమే లేదండీ! ఇప్పుడే పిలుస్తాను," అన్నాను. చేజేతులా అన్నాను.

వేడి నూనెలో పిండి చుట్టలు వేయించి పంచదార పొడి చల్లి అమ్మే బండి ఒకటి ఆ సంవత్సరం కొత్తగా వచ్చింది. క్రాట్జర్ దాని దగ్గర డబ్బిచ్చి నిలబడి ఉన్నాడు. రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. డెబ్భై ఏళ్ళ మనిషి, బడికి వెళ్ళనని మారాం చేసే పిల్లాడిలా కాళ్ళు ఈడుస్తూ వచ్చాడు.

"క్రాట్జర్ గారూ, ఈ నూట పద్దెనిమిది ఏ సంవత్సరందండీ?" అన్నాడు లిండ్‌క్విస్ట్.

క్రాట్జర్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. నా వైపు చూశాడు. "హాలిస్ పుస్తకం రాశాడు కదండీ," అన్నాడు.

"అది చదివాను. నేనడుగుతున్నది మిమ్మల్ని."

"ఎండ ఎక్కువగా ఉంది."

"క్రాట్జర్ గారూ!"

"చెప్పవయ్యా, ఎల్డన్!" అన్నాను నేను. "ఏ సంవత్సరం అని అడుగుతుంటే ఎండంటావేమిటి?"

చుట్టూ జనం మూగారు. సంవత్సరం అడిగితే క్రాట్జర్ చెప్పకపోవడం ఊళ్ళో ఎవరూ ఎరగరు. చివరికి ఆయన వంగి, ఎప్పట్లా సైకిలు బోర్లించాడు. అడుగున చూస్తూ కూర్చున్నాడు గానీ బ్రష్షు తీయలేదు, అద్దం తీయలేదు.

"పెద్దాయనా! పిండి చుట్ట చల్లారిపోతోంది, మీరేమో పత్తా లేరు!" అంటూ జనాన్ని తోసుకుని ఒకామె వచ్చింది. ఆ బండి ఆమెదే. పేరు వర్లీన్. యాభై దాటిన గట్టి మనిషి, ఏప్రన్ నిండా పంచదార. టోలీడోలో ముప్ఫై ఏళ్ళు ఉండి పోయినేడే మొగుడితో పాటు సొంత ఊరికి తిరిగొచ్చిందట. ప్లేటు అందించబోయి, బోర్లా ఉన్న సైకిలు చూసి ఆగిపోయింది.

"ఓరి దేవుడా, ఇది మా సైకిలు!"

"కాదమ్మా," అన్నాను నేను మర్యాదగా. "ఇది 1941లో సైన్యం కోసం..."

"ఏ సైన్యం? మా అన్నా నేనూ చేశాం దీన్ని! చెత్తకుప్పలో దొరికిన ఫ్రేము. సీటు కింద గొట్టం విరిగిపోతే మా ఇంటి నీళ్ళ పైపు ముక్క పెట్టాం, మా బాబాయి రైలు షెడ్డులో అతికిచ్చాడు. సీటు లాగి చూడండి, పైపు మరలు అలాగే ఉంటాయి. మా అమ్మ ఆ పైపు కోసం మమ్మల్ని వీధంతా తరిమి కొట్టింది!"

జనంలో ఎవరో నా పుస్తకం తీసి తుపాకీ బొమ్మ ఉన్న పేజీ వెతికారు. వెతికి, పక్కవాళ్ళకి చూపించారు. నవ్వు ఒక చివర మొదలై ఇంకో చివరికి పాకింది. అక్కడ నేను నిలబడి ఉన్న చోట భూమి ఎందుకు చీలలేదో ఇప్పటికీ తెలియదు.

"మరి ఈ నంబరు?" అన్నాడు లిండ్‌క్విస్ట్.

వర్లీన్ అప్పుడు క్రాట్జర్ మొహంలోకి పరీక్షగా చూసింది. "మీరు క్రాట్జర్ గారు కదూ? శనివారాలు ఫైర్ స్టేషన్లో బల్ల వేసుకుని కూర్చునేవారు. నన్ను గుర్తుపట్టలేదా?"

క్రాట్జర్ ఆమె వైపు చూడకుండానే అన్నాడు. "నూట పద్దెనిమిది."

ఆమె వంగి ఆ అంకెల మీద వేలు పెట్టి చూసింది. తర్వాత అందరికీ తనే చెప్పింది. ఆ రోజుల్లో మా ఊళ్ళో పిల్లల సైకిలుకి కూడా లైసెన్సు బిళ్ళ ఉండాలి. శనివారం ఫైర్ స్టేషన్ ముందు వరసలో నిలబడి తీసుకోవాలి. కంపెనీ నంబరు లేని సైకిలుకి బిళ్ళ ఇవ్వకూడదని రూలు. బిళ్ళ లేకపోతే సైకిలు లాక్కుని నేలమాళిగలో పడేస్తారు. రైలు కట్టకి అవతలి పేదవాళ్ళ పిల్లల సైకిళ్ళు చెత్తకుప్ప సరుకు. తుప్పు తిని, అతుకులు పడి, సగానికి పైగా వాటికి నంబరే ఉండేది కాదు.

"వరసలో మా ముందు బట్టల కొట్టు వాళ్ళబ్బాయి కొత్త సైకిలుతో ఉన్నాడు. మా సైకిలు చూసి ముక్కు మూసుకున్నాడు, వెధవ," అంది వర్లీన్. "మా అన్న వెళ్ళిపోదాం పదా అన్నాడు. అంతలో ఈయన లేచి, 'ఈ రోజు నుంచి అందరి సైకిళ్ళూ బోర్లించి చూడాలి, రూలు' అన్నారు. ఆ కొట్టువాళ్ళబ్బాయిది కూడా బోర్లించారు. వాడు ఏడుపు మొహం పెట్టాడు. తర్వాత మాది బోర్లించి, 'తుప్పుంది, లోపలికి తీసుకెళ్ళి తుడవాలి' అన్నారు. లోపల్నుంచి టక్ టక్ అని చప్పుడు. బయటికి తెచ్చి, 'ఉంది నంబరు, తుప్పు కింద దాక్కుంది' అని బిళ్ళ బిగించి, మళ్ళీ తుప్పు పట్టకుండా పూసుకోమని ఫైరింజనుకి వేయగా మిగిలిన ఎర్ర రంగు కూడా ఇచ్చారు. నేనేమో తుప్పు రాలగొడుతున్నారనుకున్నా!"

"అందరివీ బోర్లించాలని రూలు ఎప్పుడొచ్చింది?" అన్నాను నేను. ఎంత కుంగిపోయినా తేదీలు అడగకుండా ఉండలేను, అంతా ఆయన సావాసమే.

"రాలేదు," అన్నాడు క్రాట్జర్. "వాళ్ళవి ఒక్కటే బోర్లిస్తే వరసలో పిల్లలకి తెలిసిపోతుంది కదా. అందుకని అందరివీ బోర్లించేవాణ్ణి. ఐదేళ్ళు. తర్వాత ఆ పని ఆగిపోయింది గానీ చేతులకి అలవాటు పోలేదు."

"మనుషులకే అబద్ధాలు వచ్చు, ఇనుముకి రావంటావు కదయ్యా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"రావు," అన్నాడు క్రాట్జర్. "నేనే నేర్పాను. నూట ఒకటి నుంచి నూట ముప్ఫై ఒకటి దాకా, ముప్ఫై ఒక్క సైకిళ్ళకి."

"డబ్ల్యు ఎందుకు?" అన్నాడు లిండ్‌క్విస్ట్.

"కంపెనీ ఎప్పుడూ వాడని అక్షరం అదొక్కటేనని అక్కడ పనిచేసే మా బావ చెప్పాడు. నా దొంగ నంబరు ఏ నిజం సైకిలు నంబరుతోనూ కలిసిపోకూడదు కదండీ. తర్వాత వాడారేమోనని భయం, అందుకే ఎక్కడ సైకిలు కనబడ్డా చూస్తుంటాను. నలభై ఏళ్ళలో ఒక్కటీ తగలలేదు."

"నూట ఒకటి నుంచి ఎందుకు మొదలెట్టారు?"

"ఒకటి నుంచి మొదలెడితే అనుమానం వస్తుంది."

ఊళ్ళో అందరి కథలూ పీకి పందిరేసిన ఈ సత్యహరిశ్చంద్రుడు జిల్లాలోకెల్లా పెద్ద దొంగ ముద్రలవాడన్నమాట! నాకు ఒళ్ళు మండిపోయింది. "పదకొండేళ్ళు, ఎల్డన్! ఒక్క మాట చెప్పొచ్చు కదా నాకు?"

"నువ్వు ఏ రోజైనా అడిగావా, ఏ సంవత్సరం అని? ఎప్పుడూ నువ్వే చెప్పావు. చాలక అచ్చేసి చెప్పావు."

"అయితే మాత్రం!"

"నిజం చెప్తే ఏ పిల్లలవని అడుగుతావు. పేర్లు అచ్చేస్తావు. నీకు దుకాణం ఉంది. తుప్పు కింద నంబరుందని ఆ పిల్లలకి చెప్పినవాణ్ణి నేను. వాళ్ళలో కొందరు ఇప్పటికీ నమ్ముతూ ఉండొచ్చు."

నిజంగానే అచ్చేసేవాణ్ణి. మూడు రంగుల్లో.

లిండ్‌క్విస్ట్ నోటు పుస్తకం మూసి జేబులో పెట్టుకోబోయాడు. నా పేరు ఆ జేబులోకి దిగిపోతుండటం నేను కళ్ళారా చూశాను. క్రాట్జర్ కూడా చూశాడు.

"ఆగండి," అన్నాడు. "ముప్ఫై ఒకటీ ఏ రోజు ఏ నంబరు కొట్టానో నా దగ్గర రాసి ఉంది. ఇకమీద ఎవరూ యుద్ధం సైకిళ్ళని చెప్పి వీటిని అమ్మకుండా మీ పుస్తకంలో వేసుకోవచ్చు. పిల్లల పేర్లు ఇవ్వను. ఇంకో షరతు, కనుక్కున్నది హాలిస్ పెక్ అని వేయాలి."

"ఆయన కనుక్కున్నదంతా తప్పు కదండీ?"

"తప్పే. కానీ చెత్తకుప్ప సైకిళ్ళని పదకొండేళ్ళు తుడిచి, నూనె పెట్టి, తడవకుండా దాచిన పిచ్చివాడు దేశంలో ఇంకొకడు లేడు. వీడే లేకపోతే అవన్నీ పాత ఇనుములోకి పోయేవి. సంవత్సరం తప్పు చెప్పాడు గానీ, సైకిళ్ళని బతికించాడు."

అంతమందిలో నన్ను పిచ్చివాడని, తప్పులవాడని అన్నాడు. అయినా నా పేరు సరిగ్గా రాస్తున్నాడో లేదోనని లిండ్‌క్విస్ట్ నోటు పుస్తకంలోకి తొంగిచూశాను, ఏం చెయ్యను.

"నా పేరు రాసుకోండి, నాకేం సిగ్గులేదు," అంది వర్లీన్. "పైపు సంగతి కూడా రాయండి." పిండి చుట్ట ప్లేటు క్రాట్జర్ చేతిలో పెట్టి, సైకిలు నిలబెట్టి, హాండిల్ పట్టుకుంది.

"అమ్మా, అది నేను కొన్నాను," అన్నాను.

"నేను చేశాను," అంది ఆమె.

వాదించడానికి ఏముంది? ఇచ్చేశాను. ఆ బరువైన సైకిలు మీద ఏప్రన్‌తోనే మైదానం చుట్టూ తిరిగింది. మిగతా మూడింటికీ ఆ వేసవిలోనే సొంతదారులు వచ్చారు, ఒకరు పాస్టరు, ఒకరు నర్సు, ఒకరు పక్క జిల్లా పోలీసు. ఎవరికి వాళ్ళే కబురు విని వచ్చారు. పోలీసాయన మాత్రం నంబర్లు దొంగతనంగా కొట్టడం నేరమని క్రాట్జర్‌కి గట్టిగా చెప్పి, సైకిలు ఎక్కి వెళ్ళిపోయాడు. నా షెడ్డు ఖాళీ అయింది. డోరీన్ అందులో టమాటాలు ఆరబెడుతోంది.

మరుసటి వసంతంలో లిండ్‌క్విస్ట్ పుస్తకం వచ్చింది. పెద్ద పెద్ద కంపెనీల పట్టికల మధ్య, రెండు వందల పన్నెండో పేజీలో, మా ఊరి డబ్ల్యు వరస ఉంది. 101 నుంచి 131 వరకు, 1956 నుంచి 1961. కనుక్కున్నది: హాలిస్ పెక్, హాల్స్‌బర్గ్. తయారీదారు అన్న గడిలో మిగతా పేజీలన్నిటా కంపెనీల పేర్లున్నాయి. మా గడిలో "రైలు కట్టకి అవతలి పిల్లలు" అని ఉంది. వర్లీన్ ఒప్పుకుంది కాబట్టి, కింద చిన్న అక్షరాల్లో నీళ్ళ పైపు సంగతీ వేశారు.

ఆ పుస్తకం నా చంకలో లేకుండా నేను గడప దాటను. కిరాణా కొట్లో, క్షౌరశాలలో, బాంకు వరసలో, ఎవరు దొరికితే వాళ్ళకి రెండు వందల పన్నెండు తెరిచి చూపిస్తాను. ఆదివారం చర్చి మెట్ల మీద పాస్టరుని పట్టుకున్నాను, ఆయన సైకిలు కూడా అందులో ఉంది కదా.

"హాలిస్, నాకు ఇప్పటికి నాలుగుసార్లు చూపించావు," అన్నాడాయన.

"ఐదోసారి చూస్తే అరిగిపోదు, చూడండి," అన్నాను. పాస్టరు నా భుజం మీదుగా ఎవరైనా వచ్చి కాపాడతారేమోనని చూస్తున్నాడు. వెనకే నిలబడిన క్రాట్జర్ మాత్రం నన్ను పక్కకి జరిపి పుస్తకం తీసుకుని, కళ్ళద్దాలు సర్దుకుని, ఆ పేజీ మొదటినుంచి చివరిదాకా ఆయనకి పైకి చదివి వినిపించాడు.